మెట్స్ 2025 సీజన్ రివ్యూ: ఒక్క గెలుపు ఎక్కడ పోయింది?

అందరికీ నమస్తే అండీ. న్యూయార్క్ బేస్‌బాల్ టీమ్ మెట్స్ సీజన్ అయిపోయింది. సెప్టెంబర్ 28, ఆదివారం, మయామీలో మార్లిన్స్ చేతిలో 4-0. ఒక్క రన్ కూడా చేయలేదు. ఆ రోజు గెలిస్తే చాలు, ప్లేఆఫ్స్‌లో (టైటిల్ కోసం జరిగే ఆఖరి రౌండ్లలో) ఉండేవాళ్లం, ఎందుకంటే మనతో ఆఖరి స్థానం కోసం కొట్టుకుంటున్న సిన్సినాటి రెడ్స్ కూడా అదే మధ్యాహ్నం మిల్వాకీలో ఓడిపోయారు. ఇద్దరికీ 83 గెలుపులు, 79 ఓటములు. ఈ సీజన్‌లో మనమూ రెడ్సూ ఆడుకున్న గేముల్లో వాళ్లది పైచేయి కాబట్టి వాళ్లు లోపలికి, మనం ఇంటికి.

కోపం కాస్త తగ్గాక మాట్లాడదామని ఈ వీడియో కొన్ని రోజులు ఆపాను. పూర్తిగా తగ్గలేదు, అయినా చెప్పాల్సింది చెప్తాను.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, ఐసెలిన్‌లో ఉండి నాలాగే సాయంత్రం ఏడింటికి టీవీ పెట్టుకునేవాళ్లు ఈ ఛానెల్‌లో చాలామంది ఉన్నారు. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి తెల్లవారుజామున 4:40కి లేచి చూసేవాళ్లు కూడా ఉన్నారని కామెంట్లలో చూస్తుంటాను, మీకు ప్రత్యేకంగా దండం. కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క విషయం. బేస్‌బాల్‌లో ఆరు నెలల్లో 162 గేములు, దాదాపు రోజూ ఒకటి. అందరికంటే మంచి టీమ్ కూడా 60 దాకా ఓడుతుంది. కాబట్టి ఓడిపోవడం వింత కాదు, ఓటమి వచ్చినప్పుడు ఆగడం తెలియాలి. మనకి ఆగడం తెలియలేదు.

జూన్ 12 రాత్రికి మనం 45-24. మొత్తం మేజర్ లీగ్‌లో అందరికంటే మంచి రికార్డు మనదే. మన డివిజన్‌లో, అంటే ఐదు టీమ్‌ల గుంపులో, ఫిలడెల్ఫియా ఫిలీస్ మనకంటే ఐదున్నర గేములు వెనక ఉన్నారు. ఆ తర్వాత 38-55. ఒకే టీమ్, ఒకే మేనేజర్, దాదాపు అవే పేర్లు. ఐపీఎల్ చూసేవాళ్లకి ఒక్క మాటలో చెప్పాలంటే, 2025లో సన్‌రైజర్స్ ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 286 కొట్టి, ఆ తర్వాత వరసగా నాలుగు ఓడినప్పుడు ఎలా ఉందో గుర్తుంది కదా, అది మూడున్నర నెలల పాటు రోజూ జరిగితే ఎలా ఉంటుందో అలా ఉంది.

సరిగ్గా ఆ జూన్ 12నే మన పిచర్ (బంతి వేసేవాడు) కొడాయ్ సెంగా పడిపోయాడు. మన స్టేడియం సిటీ ఫీల్డ్‌లో వాషింగ్టన్ నేషనల్స్‌తో గేమ్. ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే పీట్ అలోన్సో విసిరిన బంతి కాస్త ఎత్తుగా వెళ్తే సెంగా ఎగిరి అందుకుని, బేస్ మీద కాలు పెట్టి, అవుట్ చేసి, తొడ వెనక పట్టుకుని కింద పడ్డాడు. అప్పటికి ఆయన ఈఆర్‌ఏ 1.47. అంటే 9 ఇన్నింగ్స్ వేస్తే సగటున ఒకటిన్నర రన్ మాత్రమే ఇస్తున్నాడు. ఆ గేమ్ గెలిచాం కూడా. తర్వాత రోజు నుంచి టాంపా వాళ్లు మూడుకి మూడు గెలిచారు, నెలాఖరులో పిట్స్‌బర్గ్ వెళ్తే అక్కడా మూడుకి మూడు, మొత్తం కలిపి 30-4. అట్టడుగున ఉన్న పైరేట్స్ చేతిలో అండీ అది.

"ఒక్కడికి దెబ్బ తగిలితే టీమ్ కూలిపోతుందా?" అని అడుగుతారు. అసలు సమస్య అక్కడే ఉంది. గేమ్ మొదలుపెట్టే పిచర్‌ని స్టార్టర్ అంటారు. ఒకసారి వేస్తే నాలుగైదు రోజులు చేతికి విశ్రాంతి ఇవ్వాలి, అందుకే టీమ్‌కి కనీసం ఐదుగురు కావాలి. తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఐదో ఆరో అతనే లాగాలి. అతను నాలుగో ఇన్నింగ్స్‌లోనే చేతులెత్తేస్తే మిగతాదంతా బుల్‌పెన్ మీద, అంటే తర్వాత వచ్చి వేసే పిచర్ల మీద పడుతుంది. ఒక రోజంటే ఫర్వాలేదు, వారంలో నాలుగు రోజులు అదే అయితే ఆగస్టుకి బుల్‌పెన్‌లో చేతులు మిగలవు. ఈ సీజన్‌లో మనం 46 మందితో పిచింగ్ చేయించాం, మేజర్ లీగ్ చరిత్రలో ఏ టీమూ ఒక్క సీజన్‌లో అంతమందిని వాడలేదు.

ఇది దురదృష్టం మాత్రమే అని నేను ఒప్పుకోను. టీమ్‌ని కట్టే డేవిడ్ స్టర్న్స్ గత చలికాలంలో పెద్ద స్టార్టర్‌ని కొనలేదు. మాక్స్ ఫ్రీడ్ ఎనిమిదేళ్ల ఒప్పందంతో యాంకీస్‌కి వెళ్లాడు. మనం యాంకీస్‌లో చివర్లో వచ్చి ముగించే క్లే హోమ్స్‌ని తెచ్చి స్టార్టర్‌గా మార్చాం, గాయాల నుంచి లేచి వస్తున్నవాళ్లని, పోయిన సీజన్ బాగా ఆడనివాళ్లని తక్కువ కాలానికి తీసుకున్నాం. హోమ్స్ నిజంగా కష్టపడ్డాడు, ఆఖరికి ముందు రోజు మయామీలో 5-0తో మనల్ని బతికించింది కూడా అతనే, ఆయన మీద ఒక్క మాట అనను. న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి. కోర్బిన్ బర్న్స్‌ని కొనలేదని అందరం తిట్టాం, అరిజోనా ఆయనకి 21 కోట్ల డాలర్లు ఇచ్చాక జూన్‌లో మోచేతికి ఆపరేషన్ అయింది. కాబట్టి డబ్బు పోస్తే పిచింగ్ వస్తుందని నేను అనడం లేదు. ఐదుగురిలో ముగ్గురి గురించి మార్చిలోనే అనుమానం ఉన్నప్పుడు ఆరో మనిషి, ఏడో మనిషి ఎవరో ముందే చూసుకోవాలి కదా అంటున్నాను. మొంటాస్, మనాయా సీజన్ మొదలవ్వకముందే గాయాలతో పక్కకి వెళ్లారు. జూన్ చివర్లో గ్రిఫిన్ కానింగ్‌కి మడమ దగ్గర అకిలెస్ తెగింది. ఆ పైన చూసుకోవడానికి ఎవరూ లేరు.

బ్యాటింగ్ విషయంలో మాత్రం జనం అన్యాయంగా మాట్లాడుతున్నారు. హువాన్ సోటోకి 15 ఏళ్లకి 76.5 కోట్ల డాలర్లు, క్రీడల్లో అప్పటిదాకా ఎవరికీ ఇవ్వనంత ఒప్పందం. మొదటి రెండు నెలలు బ్యాట్ పలకలేదు, సొంత స్టేడియంలోనే గోల చేశారు. సీజన్ అయ్యేసరికి 43 హోమ్‌రన్‌లు (కంచె దాటే షాట్లు), 38 స్టీల్స్ (ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడం). ఆయన బేస్‌లు దొంగిలిస్తాడని ఎవరనుకున్నారు చెప్పండి? లిండోర్ కాలి చిటికెన వేలు విరిగినా ఆడాడు, 31 హోమ్‌రన్‌లు, 31 స్టీల్స్. అలోన్సో 162కి 162 గేములు ఆడాడు, 38 హోమ్‌రన్‌లు, 126 ఆర్‌బీఐ (తన బ్యాట్‌తో టీమ్‌కి తెచ్చిన రన్‌లు). ఈ ముగ్గురికీ నేను పదికి తొమ్మిది ఇస్తాను, ఎవరు ఏమన్నా సరే.

కానీ ఒక్క అంకె నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి వెనకబడి ఉన్న గేములు 70. అందులో గెలిచినవి సున్నా. డెబ్బైలో ఒక్కటి కూడా వెనక్కి లాక్కోలేదు. పోయిన ఏడాది ఇదే టీమ్ మనకి నేర్పింది వేరే. అట్లాంటాలో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో లిండోర్ కొట్టిన హోమ్‌రన్‌తో ప్లేఆఫ్స్‌కి వెళ్లాం, మిల్వాకీలో ఇంకో రెండు అవుట్లయితే ఇంటికే అన్నప్పుడు అలోన్సో కొట్టాడు. అందుకే ఈ ఏడాది కూడా ఆఖరి అవుట్ దాకా టీవీ కట్టేయలేదు మనం. ఆ డెబ్బైలో ఒక్కటంటే ఒక్కటి తిరగబడి ఉంటే ఈ వీడియో వేరేలా ఉండేది.

టీమ్‌లు ఆటగాళ్లని మార్చుకోవడానికి ఆఖరి గడువు, జూలై 31 ట్రేడ్ డెడ్‌లైన్ గురించి త్వరగా చెప్పేస్తాను. బుల్‌పెన్‌కి టైలర్ రోజర్స్, గ్రెగరీ సోటో, రయాన్ హెల్స్‌లీ, బ్యాటింగ్‌కి సెడ్రిక్ మల్లిన్స్ వచ్చారు. ఆ రోజు నేనూ సంబరపడ్డాను. హెల్స్‌లీ ఎనిమిదో ఇన్నింగ్స్‌కి వస్తే టెన్షన్ మొదలయ్యేది, మనకి వేసినంతసేపు ఆయన ఈఆర్‌ఏ ఏడు దాటింది. మల్లిన్స్ బ్యాట్ కదల్లేదు. స్టార్టర్ మాత్రం రాలేదు. నీళ్లు కారేది ఒకచోట, మూత పెట్టింది ఇంకోచోట.

సెప్టెంబర్‌లో వరసగా ఎనిమిది ఓడాం. 14న టెక్సాస్ మీద పదో ఇన్నింగ్స్‌లో అలోన్సో మూడు రన్‌ల హోమ్‌రన్ కొట్టి ఆ వరస తెంపాడు, ఆ రాత్రి మళ్లీ ఆశ పుట్టింది నాకు. తర్వాత వారమే డివిజన్‌లో ఆఖరున ఉన్న నేషనల్స్‌తో సొంత గడ్డ మీద మూడింటిలో రెండు ఓడాం. ఇక మయామీ. పాత అభిమానులకి ఈ పేరు వినగానే ఎందుకు గుండె జారుతుందో చెప్తాను. 2007లో 17 గేములు మిగిలి ఉండగా ఏడు గేముల ఆధిక్యం ఉంది, ఆఖరి రోజు టామ్ గ్లావిన్ మొదటి ఇన్నింగ్స్‌లోనే ఏడు రన్‌లు ఇచ్చాడు, అయిపోయింది. 2008లో ఆఖరి రోజు, మన పాత స్టేడియం షేలో ఆఖరి గేమ్, మళ్లీ ఓటమి, మళ్లీ బయటికి. రెండుసార్లూ ఎదురుగా ఉన్నది మార్లిన్స్. 2008లో ఆ తేదీ కూడా సెప్టెంబర్ 28.

ఈసారి ఐదో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌ల మీదా మనవాళ్లే ఉన్నారు, అలోన్సో బ్యాట్ మీద ఉన్నాడు. కొట్టాడండీ, చాలా గట్టిగా కొట్టాడు, గంటకి 116 మైళ్లు. నేరుగా లెఫ్ట్ ఫీల్డర్ చేతిలోకి. ఒక్క రెండు అడుగులు అటో ఇటో అయితే... సరే, వదిలేద్దాం.

ఓనర్ స్టీవ్ కోహెన్ మరుసటి రోజు అభిమానులకి క్షమాపణ చెప్పాడు. చెప్పాడు, మంచిది. ఈ ఏడాది సిటీ ఫీల్డ్‌కి 30 లక్షల మందికి పైగా వచ్చారు, వాళ్లకి ఆ మాట దక్కాలి. జీతాలకే 30 కోట్ల డాలర్లు దాటిపోయిన టీమ్ ఇంట్లో కూర్చుంటే, అందులో సగం కూడా ఖర్చు పెట్టని మిల్వాకీ 97 గెలిచి లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచింది. స్టర్న్స్ ఆ మిల్వాకీ నుంచి వచ్చినవాడే, కుర్ర పిచర్లని తయారు చేయడం ఆయనకి తెలుసు. అందుకే నాకు ఆశ పోలేదు.

ఆ ఆశ పేరు కుర్ర పిచర్ నోలన్ మెక్లీన్. ఆగస్టు 16న మొదటి గేమ్ ఆడాడు. ఎనిమిది స్టార్ట్‌లు, ఐదు గెలుపులు, ఒక ఓటమి, ఈఆర్‌ఏ 2.06. మొదటి నాలుగు స్టార్ట్‌లూ గెలిచిన మెట్స్ పిచర్ ఇంతకుముందు ఎవరూ లేరు, పాతకాలం గొప్ప పిచర్లు సీవర్ కాదు, గుడెన్ కాదు. కాలేజీలో బ్యాటింగ్ కూడా చేసినవాడు. స్వీపర్ అనే పక్కకి తిరిగే బంతి వేస్తే బంతి ప్లేట్ ఇటు చివర నుంచి అటు చివరకి కోసుకుంటూ పోతుంది, రైట్ హ్యాండ్ బ్యాటర్లు గాలిలో ఊపి నవ్వుకుంటూ వెళ్లిపోవడం చూశాను. ఇంకో కుర్ర పిచర్ జోనా టాంగ్ మొదటి గేమ్‌లో మనవాళ్లు 19 రన్‌లు కొట్టారు, తర్వాత టెక్సాస్ మీద మొదటి ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేకపోయాడు. ఆ పిల్లాణ్ణి ఇప్పుడే తీసిపారేయొద్దు, 2025లో వయసు 22. 2025 సీజన్ అయ్యేసరికి బ్రాండన్ స్ప్రోట్ అనే కుర్ర పిచర్ కూడా ఉన్నాడు.

నా ఫిర్యాదు ఒక్కటే. మెక్లీన్‌ని జూలైలో ఎందుకు పిలవలేదు? జూలై అంతా స్టార్టర్లు నాలుగో ఇన్నింగ్స్‌కే దిగిపోతుంటే, బుల్‌పెన్ అరిగిపోతుంటే, అతను సిరక్యూస్‌లో, అంటే మన కింది స్థాయి టీమ్‌లో వేస్తున్నాడు. ఇంకో నాలుగు స్టార్ట్‌లు ఇచ్చి ఉంటే అందులో ఒక్క గెలుపు అదనంగా వచ్చేది కాదా? మనకి కావాల్సింది ఒక్కటే కదా. చివరికి సెప్టెంబర్‌లో సెంగా కూడా సిరక్యూస్ వెళ్లాడు, అదీ చాలా ఆలస్యంగానే.

కాబట్టి నా మార్కులు: పైన చెప్పిన ముగ్గురికి తొమ్మిది, చివర్లో వచ్చి గేమ్ ముగించే పిచర్ ఎడ్విన్ డియాజ్‌కి కూడా తొమ్మిది, స్టార్టర్లకి నాలుగు, టీమ్ ఆఫీసుకి మూడు. మేనేజర్ మెండోజాకి ఐదు, ఎందుకంటే చేతిలో లేని పిచర్లని ఎవరూ వాడలేరు, కానీ ఆ ఎనిమిది ఓటముల వారంలో టీమ్‌లో పోరాటం నాకు కనిపించలేదు.

ఇప్పుడు అలోన్సో. ఆఖరి గేమ్ అయిన సాయంత్రమే ఒప్పందం నుంచి బయటికి వస్తానని చెప్పాడు. ఆగస్టు 12న అట్లాంటా పిచర్ స్ట్రైడర్ మీద ఆయన 253వ హోమ్‌రన్ కొట్టి, మెట్స్ తరఫున అందరికంటే ఎక్కువ హోమ్‌రన్‌ల స్ట్రాబెరీ రికార్డు దాటిన రాత్రి మా ఇంటిల్లిపాదీ సిటీ ఫీల్డ్‌లో ఉన్నాం. ఎడిసన్ నుంచి పెన్ స్టేషన్, అక్కడి నుంచి ఇంకో రైలు, తిరిగి వచ్చేసరికి అర్ధరాత్రి, పిల్లలు దారంతా ఆయన పేరే. 2016లో మన టీమే డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) తీసుకుంది, 2019లో కొత్త కుర్రాడిగా 53 కొట్టాడు, 2025 దాకా ఇంకే టీమ్‌కీ ఆడలేదు. ఫస్ట్ బేస్‌లో ఫీల్డింగ్ బలహీనం, నిజమే. 2025 డిసెంబర్‌కి వయసు 31, అదీ నిజమే. అయినా నా మాట సూటిగా చెప్తాను, ఆయనకి ఐదేళ్లు ఇవ్వండి, డియాజ్‌ని వదలొద్దు, మెక్లీన్ పక్కన నికరంగా ఆరు ఇన్నింగ్స్ వేసే పెద్ద స్టార్టర్ ఒకరిని ట్రేడ్‌లో తెండి, దానికోసం కుర్రాళ్లలో ఒకరిని ఇవ్వాల్సి వచ్చినా ఇవ్వండి, మెక్లీన్‌ని తప్ప.

మీరైతే ఎవరిని ఇచ్చేవాళ్లు? టాంగ్‌నా, స్ప్రోట్‌నా? కింద రాయండి, వచ్చే వీడియోలో ఒక్కొక్కటీ చదివి మాట్లాడతాను. ఉంటానండీ.