దక్షిణాకాశం కింద మీ మొదటి స్టార్ పార్టీ: చీకట్లో ఎలా మెలగాలి, ఏ వేళకు ఏం చూడాలి

నమస్కారం. ఆస్ట్రేలియాలో ఉంటున్నవారిలో, అక్కడికి వెళ్లే ఆలోచన ఉన్నవారిలో, ఆకాశమంటే ఇష్టపడే తెలుగువారి కోసం ఈ వీడియో. అక్కడి ఔత్సాహిక ఖగోళ పరిశీలకులు అమావాస్య దగ్గరపడగానే ఊళ్ల వెలుతురుకు దూరంగా ఒకచోట గుమికూడి, తెల్లవార్లూ ఆకాశం చూస్తారు. దీన్నే స్టార్ పార్టీ అంటారు. న్యూ సౌత్ వేల్స్ ఖగోళ సంఘానికి ఇల్ఫర్డ్ దగ్గర విరూనా అనే సొంత స్థలమే ఉంది. సౌత్ పసిఫిక్ స్టార్ పార్టీ జరిగేది అక్కడే. క్వీన్స్‌లాండ్‌లోని లిన్‌విల్ దగ్గర ఆస్ట్రోఫెస్ట్ జరుగుతుంది. మీకు దగ్గరలో ఏ ఖగోళ సంఘం ఉందో చూసుకుని, ముందుగా పేరు నమోదు చేసుకోండి.

మొట్టమొదట చెప్పవలసిన మాట: ఈ శిబిరం కోసమని టెలిస్కోప్ కొనకండి. అక్కడ చిన్నవీ పెద్దవీ ఎన్నో ఉంటాయి. అడిగితే చూపించనివారు అరుదు. నాలుగైదింటిలో చూశాక ఏది మీ చేతికి, మీ కంటికి నప్పుతుందో మీకే తెలుస్తుంది. ఇప్పటికి ఒక బైనాక్యులర్స్, వెనక్కి వాలే కుర్చీ, మీరు అవసరమనుకున్నదానికంటే రెండింతలు వెచ్చని బట్టలు, ఎర్రటి కాంతినిచ్చే టార్చి తీసుకెళ్లండి. రాత్రి గంటల తరబడి కదలకుండా నిలబడతారు కాబట్టి చలి పాదాల నుంచి పైకి పాకుతుంది. మందపాటి మేజోళ్లు మరిచిపోకండి.

ఇప్పుడు అసలు విషయం, చీకటి. ఈ శిబిరానికి వచ్చినవాళ్లందరి ఉమ్మడి ఆస్తి అదే. మన కంటిలో మసక వెలుతురును పట్టుకునే కణాలు పూర్తిగా మేలుకోవడానికి కనీసం అరగంట పడుతుంది. ఒక్క క్షణం తెల్లని వెలుతురు పడితే ఆ అరగంట మళ్లీ మొదటికి వస్తుంది. అది కూడా మీ ఒక్కరికే కాదు, చుట్టుపక్కల ఉన్న అందరికీ. ముదురు ఎరుపు రంగుకు ఆ కణాలు అంతగా స్పందించవు, అందుకే ఎర్ర టార్చి. అయితే ఎరుపే కదా అని దేదీప్యమానంగా వెలిగించకూడదు. ఇదిగో, తెర మీద నా టార్చి చూడండి. అద్దం మీద ఎర్ర కాగితం రెండు పొరలు అంటించాను. కాళ్ల ముందు దారి కనిపిస్తే చాలు.

చాలామంది తడబడేది కారు దగ్గర. తలుపు తీస్తే లోపలి దీపం వెలుగుతుంది, డిక్కీ ఎత్తితే మరొకటి. దూరం నుంచి తాళం నొక్కితే నాలుగు మూలలా పసుపు దీపాలు మిణుక్కుమంటాయి. కాబట్టి పొద్దు వాలకముందే చేరుకోండి. కావలసిన సామానంతా బయటికి తీసి పెట్టుకోండి. లోపలి దీపాల మీటలు ఆపేసి, ఆగనివాటికి మందపాటి టేపు అంటించండి. మధ్యలో వెళ్లిపోవలసి వస్తుందనుకుంటే నిర్వాహకులకు ముందే చెప్పి, బండిని గేటు పక్కన, ముందు భాగం బయటి వైపుకు ఉండేలా నిలపండి. అప్పుడు రివర్సు దీపం వెలగదు. ఫోను జేబులోనే ఉంచండి. ఆకుపచ్చ లేజర్ తేకండి. గంటల తరబడి ఫొటో తీస్తున్నవారి శ్రమ ఆ ఒక్క గీతతో పాడవుతుంది.

టెలిస్కోప్ దగ్గరికి వెళ్లేటప్పుడు ముందు గొంతు వినిపించండి: "ఒకసారి చూడవచ్చా?" చీకట్లో చప్పుడు లేకుండా వెళితే అవతలివారు ఉలిక్కిపడతారు. చేతులు వెనక్కి కట్టుకుని కంటిని మాత్రమే ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) దగ్గరికి తీసుకెళ్లండి. గొట్టాన్నో ఐపీస్‌నో పట్టుకుంటే దృశ్యం జరిగిపోతుంది. మసకగా ఉంటే చెప్పండి, ఏ మరను తిప్పాలో వారే చూపిస్తారు. డాబ్సోనియన్ రకంలో, అంటే నేల మీది పీఠంపై చేత్తో తిప్పుకునే అద్దపు టెలిస్కోప్‌లో, మోటారు లేకపోతే, భూమి తిరుగుతున్నకొద్దీ వస్తువు పక్కకు జారిపోతుంటుంది. కనిపించకపోతే సంకోచించకుండా ఆ మాట చెప్పండి. పెద్దవాటికి నిచ్చెన ఎక్కాలి. మెట్టు మీద రెండు పాదాలూ కుదురుకున్నాకే వంగండి. దోమల మందు గానీ సెంటు గానీ అద్దాల దరిదాపుల్లో చల్లకండి, ఆ తుంపర అద్దం పూతకు చేటు.

ఇక ఆకాశం. ఏప్రిల్ చివర్లో వెళ్లారనుకుందాం. చీకటి పడేసరికి పడమట ఒరాయన్ నక్షత్రరాశి తలకిందులుగా అస్తమిస్తుంటుంది. నైరుతి వైపు ప్రకాశంగా ఉన్నది మన అగస్త్య నక్షత్రం. దానికి దిగువన, మబ్బు తునకలా కనిపించేది నిజానికి మబ్బు కాదు. అది పెద్ద మెగెల్లానిక్ మేఘం, దాదాపు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మరో గెలాక్సీ. 1987 ఫిబ్రవరిలో మామూలు కంటికే కనిపించిన సూపర్‌నోవా, అంటే నక్షత్ర విస్ఫోటం, జరిగింది అందులోనే. ఇది వాలిపోకముందే చూడాలి, కాబట్టి మొదటి గంట దీనికే ఇవ్వండి. బైనాక్యులర్స్‌తో అంచున చిన్న మెరుపు మరకలాంటిది దొరుకుతుంది, అదే టరాన్‌టులా నీహారిక, అంటే వాయువు, ధూళితో నిండిన మేఘం.

తరువాత తల పైకెత్తి కరీనా నక్షత్రరాశి వైపు తిరగండి. నాకు దక్షిణాకాశంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇది. కరీనా నీహారిక కంటికే పొగమరకలా తెలుస్తుంది. టెలిస్కోప్‌లో వెలుగు పాయల మధ్య నల్లని చీలికలు పాకి ఉంటాయి. ఆ వెలుగులో ఒక నారింజ రంగు చుక్క కనిపిస్తుంది, అది ఈటా కరీనే. 1843లో ఇది రేగి, రాత్రి ఆకాశంలో సిరియస్ తరువాత అంతటి ప్రకాశవంతమైన నక్షత్రం అయింది. టెలిస్కోప్ యజమానిని ఎక్కువ పవరు ఐపీస్ పెట్టమని అడగండి. గాలి నిలకడగా ఉంటే ఆ చుక్క చుక్కలా ఉండదు, అటూ ఇటూ ఉబ్బిన రెండు చిన్న బుడగల్లా విడిపడుతుంది. ఆనాటి విస్ఫోటంలో ఎగజిమ్మిన పదార్థం అది. ఫొటోల్లోని రంగులు మాత్రం ఆశించకండి. నీహారిక కంటికి బూడిదరంగులోనే కనిపిస్తుంది.

మసకైన వాటిని నేరుగా కాకుండా ఓరచూపుతో చూడండి. చూపు మధ్య భాగంలో రంగులను చూసే కణాలు ఉంటాయి, మసక వెలుతురును పట్టేవి దాని చుట్టూ ఉంటాయి. కాస్త పక్కకు చూస్తే అప్పటిదాకా లేని పాయలు తేలి వస్తాయి. ఇది సాధనతో వచ్చేది, ఒక వస్తువు దగ్గర రెండు నిమిషాలైనా ఆగండి.

పక్కనే శిలువ ఆకారంలో సదరన్ క్రాస్, మనవాళ్లు త్రిశంకు అంటారు. దక్షిణంలో ప్రకాశవంతమైన ధ్రువతార లేదు. ఈ శిలువ పొడవు గీతను పాదం వైపు నాలుగున్నర రెట్లు పొడిగిస్తే ఆకాశంలో దక్షిణ ధ్రువం ఉన్నచోటుకు చేరుకుంటారు. శిలువను ఆనుకుని చుక్కలు లేని నల్లని మడుగు ఉంటుంది, పేరు కోల్‌సాక్. ఆస్ట్రేలియా ఆదివాసులకు అది ఈమూ పక్షి తల. మెడా ఒళ్లూ పాలపుంతలోని నల్లని పాయల వెంట వృశ్చికం దాకా సాగుతాయి. వెలుతురులో కాక చీకటిలో బొమ్మను గీసుకున్న ఆ చూపు ఎంత గొప్పదో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

అర్ధరాత్రికి ఒమేగా సెంటారీ బాగా పైకి వస్తుంది. ఇది ఒక నక్షత్రమే అనుకున్న కాలంలో, 1677లో సెయింట్ హెలీనా దీవి నుంచి చూసి, కాదని గుర్తించినవాడు ఎడ్మండ్ హేలీ. దాదాపు కోటి నక్షత్రాల గోళాకార గుచ్ఛం ఇది. పెద్ద డాబ్సోనియన్‌లో నల్లని గుడ్డ మీద సన్న ఉప్పు ఒలికినట్టు, అంచు నుంచి అంచుదాకా చుక్కలే. వరసలో మీ వెనక ఎవరూ లేకపోతే తొందరపడకండి.

తెల్లవారుజామున పాలపుంత మధ్యభాగం నడినెత్తికి వస్తుంది. దానికి ఏ పరికరమూ వద్దు, కుర్చీ వాల్చుకుని పడుకోండి చాలు. ఈసరికి మంచు కురిసి బైనాక్యులర్స్ అద్దాలు చెమరుస్తాయి. తుడవకండి, గీతలు పడతాయి. కోటు లోపల కాసేపు ఉంచితే అదే ఆరుతుంది.

ఉదయం చాలాసేపటి వరకు అందరూ నిద్రలో ఉంటారు, గుడారాల మధ్య మెల్లగా నడవండి. మధ్యాహ్నం ఎవరైనా తమ టెలిస్కోప్ అద్దాన్ని సరిచేస్తుంటే పక్కన కూర్చుని అడగండి. ఏ టెలిస్కోప్ కొనాలనే ప్రశ్న కూడా అప్పుడే అడగవచ్చు, రాత్రి వాళ్లు ఆ కబుర్లకు దొరకరు.