వానను ముందే పసిగట్టే గుర్తులు

శ్రోతలకు నమస్కారం.

వాతావరణ పరికరాలు లేని కాలంలో రైతులు, జాలరులు, పశువుల కాపరులు ఆకాశపు రంగునూ, గాలి వాలునూ, చీమల బారులనూ చూసి రాబోయే వానను అంచనా వేసుకునేవారు. తరతరాలుగా పోగుపడిన ఆ నమ్మకాలను మూఢనమ్మకాలని ఒక్క మాటతో తోసిపుచ్చడం ఎంత తొందరపాటో, అన్నీ నిజమేనని నెత్తికెత్తుకోవడం కూడా అంతే తొందరపాటు. ఒక్కొక్క గుర్తునూ దాని వెనుక ఉన్న కారణాన్ని బట్టి విడిగా పరీక్షించవలసిందేనని నా అభిప్రాయం.

చంద్రుని చుట్టూ కనిపించే వలయాన్ని వరదగుడి అంటాం. “దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన” అన్న సామెత మీలో చాలామంది వినే ఉంటారు. చంద్రునికి 22 డిగ్రీల ఎడంగా ఏర్పడే పెద్ద వలయానికి, చాలా ఎత్తున పలుచగా పరచుకున్న మేఘాలలోని మంచు స్ఫటికాల గుండా వెన్నెల వంగి రావడమే కారణం. అటువంటి మేఘాలు తరచుగా వాన మబ్బులకు ముందు నడుస్తాయి కనుక ఒకటి రెండు రోజుల్లో వర్షం పడే అవకాశం ఉంటుంది. చంద్రుణ్ణి అంటిపెట్టుకున్నట్టు కనిపించే చిన్న వలయం పలుచని మబ్బులోని సన్నని నీటి బిందువుల వల్ల ఏర్పడుతుంది, దాని వెంట వాన రావాలనేమీ లేదు. కారణాలు తెలియకుండానే, కేవలం కంటిచూపుతో ఈ తేడాను పట్టుకున్న మన పెద్దల పరిశీలన నాకు ఎంతో అబ్బురంగా తోస్తుంది.

సాయంత్రం ఆకాశం ఎర్రబడితే మర్నాడు తెరిపి ఇస్తుందని ఐరోపా నావికులు నమ్మేవారు. అక్కడ మబ్బూ వానా సాధారణంగా పడమటి నుంచి తూర్పుకు కదులుతాయి కనుక ఆ నమ్మకానికి ఆధారముంది. తూర్పు గాలులు ఎక్కువగా వీచే ఉష్ణమండల ప్రాంతాలలో మాత్రం దానిని నమ్ముకోలేము. చీమలు గుడ్లు మోసుకుని మెరకకు చేరడం, తూనీగలు నేలకు దగ్గరగా ఎగరడం గాలిలోని తేమ వల్ల కావచ్చు గాని, అవి మొత్తం రుతువు గురించి ఏమీ చెప్పలేవు. ఇక జులై 15న వాన పడితే వరుసగా 40 రోజులు పడుతుందని ఇంగ్లండులో ఉన్న నమ్మకాన్ని అక్కడి వర్షపాత లెక్కలు బలపరచలేదు.

దూరకాలపు అంచనాలన్నీ ఇలాగే తేలిపోతాయని మాత్రం అనుకోకూడదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల రైతులు జూన్ నెలాఖరున తెల్లవారకముందే లేచి కృత్తికా నక్షత్రాలను గమనిస్తారు. అవి మసకగా కనిపిస్తే వానలు ఆలస్యంగా, తక్కువగా వస్తాయని భావిస్తారు. పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కే పరిణామాన్ని ఎల్ నినో అంటారు. అది ఏర్పడే సంవత్సరాలలో కంటికి ఆనని పలుచని మేఘాలు ఎంతో ఎత్తున పెరిగి నక్షత్రకాంతిని తగ్గిస్తాయనీ, కొన్ని నెలల తరువాత అదే ఎల్ నినో అక్కడి వానలను కూడా తగ్గిస్తుందనీ 2000లో ప్రచురితమైన ఒక పరిశోధన వివరించింది. ఆ రైతులు పండించే బంగాళాదుంప వేళ్లు లోతుకు దిగవు కనుక నాటిన తొలినాళ్లలో వాన మొహం చాటేస్తే పంట దెబ్బతింటుంది. అందుకే కృత్తికలు మసకబారిన ఏడాది ఆ రైతులు నాట్లు కొన్ని వారాలు వెనక్కి జరుపుకుంటారు.