త్రాసు లేని ఎపిసోడ్ (అనుకున్నాం)

సుజాత: నమస్కారం. ఇవాళ గొర్రెపిల్ల ఎదుగుదలలో జన్యువుల వాటా ఎంత అన్నది. శ్రీను ఐదు నిమిషాల్లో తేల్చేస్తానన్నాడు.

శ్రీను: మూడు చాలక్కా. మూడు నెలలప్పుడు పిల్లల బరువుల్లో కనిపించే తేడాల్లో సుమారు ఐదో వంతే వారసత్వం. మిగతాదంతా తల్లి పాలు, మేత, జబ్బులు, కవలా ఒంటిపిల్లా అన్నది. అందుకే ముందు త్రాసు...

సుజాత: వచ్చేసింది త్రాసు! రెండో నిమిషం కూడా కాలేదు. శ్రీను ఆ మాట ఎప్పుడంటాడా అని పందెం కాసినవాళ్లు లెక్క చూసుకోండి.

శ్రీను: నవ్వండి నవ్వండి.

సుజాత: సరే, ఒకరు అడిగారు. కండ పట్టిన పొట్టేలును తెచ్చుకుంటే చాలదా అని. నాకైతే వెంటనే సాలిడ్ గోల్డ్ గుర్తొచ్చింది.

శ్రీను: మళ్లీ అదేనా!

సుజాత: ఉండరా. 1983లో అమెరికాలోని ఓక్లహోమాలో పుట్టిన డోర్సెట్ జాతి పొట్టేలు. వెనక తొడలు చూస్తే మతిపోతుంది. పుట్టినప్పుడు మామూలుగానే ఉండి, కొన్ని వారాలకు కండ పెరగడం మొదలవుతుంది. దానికి కారణం కాలిపైజ్ అనే జన్యు మార్పు. తమాషా ఏంటంటే, అది తండ్రి నుంచి మాత్రమే వస్తేనే పనిచేస్తుంది. తల్లి నుంచి వస్తే మామూలు పిల్లే.

శ్రీను: ఇద్దరి నుంచీ వస్తే?

సుజాత: అప్పుడూ మామూలే.

శ్రీను: అదెలా కుదురుతుందక్కా? రెండు ఉంటే రెండింతలు పెరగాలి కదా.

సుజాత: తల్లి నుంచి వచ్చిన కాపీ, తండ్రి కాపీ చేసే పనికి అడ్డం పడుతుంది.

శ్రీను: అంటే కండ ఉన్న పొట్టేలును, కండ ఉన్న గొర్రెను జత కట్టిస్తే కొన్ని పిల్లలు చప్పగా వస్తాయి. మరి నేను చెప్పేది అదే, కంటితో చూసి ఎంచకూడదు. పైగా ఆ మాంసం గట్టిగా ఉంటుంది.

సుజాత: ఉంటుంది. కాదనలేదు.

శ్రీను: నమలలేని కండ ఎందుకు? అసలు లెక్క చూడు. పొట్టేలు మంద సగటు కన్నా 5 కిలోలు ఎక్కువ తూగింది. ఐదో వంతంటే కిలో. పిల్లకు చేరేది అందులో సగం. అర కిలో!

సుజాత: అర కిలోనా అని తీసిపారేయకు. ఒక్క పొట్టేలుకు ఎన్ని పిల్లలు! 1700ల్లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ బేక్‌వెల్ అనే రైతు పొట్టేళ్లను అద్దెకిచ్చి, పిల్లలు ఎలా వచ్చాయో చూసి మంచివాటిని మళ్లీ వాడుకున్నాడు. పిల్లలే సాక్ష్యం.

శ్రీను: ఆయన దగ్గరా త్రాసు ఉండే ఉంటుంది.

సుజాత: శ్రీనూ!

శ్రీను: నవ్వు ఆపక్కా. నా గోధుమరంగు దాని సంగతి తెలుసుగా.

సుజాత: ...తెలుసు.

శ్రీను: మందలో అన్నిటికన్నా పెద్దది కదా అని ఉంచుకున్నా. ఒంటిపిల్ల, తల్లి నాలుగో ఈత, పాలు దండిగా తాగింది. పెద్దదైంది అందుకు. పక్కన ఉన్న కవలల్లో చిన్నదాన్ని అమ్మేశా. దాని చెల్లెలు పిల్లలు ఇప్పుడు మందలో ముందుంటున్నాయి. తేదీ, తల్లి నంబరు, ఒంటిదా కవలా, ఈ మూడు రాసుకుని ఉంటే...

సుజాత: సరే, నీ పుస్తకం సంగతి ఒప్పుకున్నా. కవలలకు, తొలిచూలు పిల్లలకు బరువు సవరించి పోల్చాలి. అంతేనా?

శ్రీను: పుట్టుక బరువు గురించి కూడా చెప్పాలి. అదే పనిగా పెంచితే ఈనేటప్పుడు పిల్ల అడ్డం...

సుజాత: అది వచ్చేసారి చెబుదువు గానీ, ఎవరో తలుపు కొడుతున్నారు చూడు.

శ్రీను: మన కోసం కాదు. నువ్వు ఫోను సైలెంట్‌లో పెట్టలేదు.