మొబైల్ నంబరు చెప్పండి సార్!

[తెరపై: డాల్ఫిన్ నోస్, దాని వెనక సముద్రం]

నమస్కారం. విశాఖపట్నానికి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని 2025 అక్టోబరులో ప్రకటన వెలువడినప్పటి నుంచి నన్ను ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు. "మీకు ఇంటర్నెట్ మొదటినుంచీ తెలుసు కదండీ, మన సమాచారమంతా వాళ్ల చేతుల్లోకి పోతుందా?" ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు, సముద్రం అడుగున కేబుళ్లు. అంకెలు పెద్దవి కాబట్టి భయమూ పెద్దదే. కానీ మన సమాచారం పోవడానికి అంత లోతుకు దిగనక్కర్లేదు. ద్వారకానగర్‌లో ఒక జెరాక్స్ షాపు చాలు.

[తెరపై: షాపు గోడకు అంటించిన వాట్సాప్ నంబరు. అంకెలు మసకగా]

ప్రింటు కావాలంటే ఇప్పుడు ఎవరూ పెన్‌డ్రైవ్ తీయరు. గోడమీది నంబరుకు ఫైలు పంపుతాం. షాపు కంప్యూటర్‌లో ఆ వాట్సాప్ పొద్దుటినుంచీ తెరిచే ఉంటుంది. కుర్రవాడు నొక్కగానే మన ఫైలు వెళ్లి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడుతుంది. ఈసారి వెళ్లినప్పుడు ఆ తెర వైపు ఒకసారి తొంగి చూడండి. ఎవరిదో పాన్ కార్డు, ఎవరి అమ్మాయిదో పదో తరగతి మార్కుల జాబితా, ఎవరిదో పాస్‌బుక్కు మొదటి పేజీ, ఇంకెవరిదో ఇంటి అద్దె ఒప్పందం, అన్నీ వరుసగా. అక్కడ దురుద్దేశం ఎవరికీ లేదు. తుడిచే తీరికా ఎవరికీ లేదు. ఇంటికి వచ్చాక మీరు వాట్సాప్‌లో డిలీట్ చేసినా చాట్‌లోంచి పోతుందే తప్ప, ఫోల్డర్‌లోకి దిగిన కాపీ అక్కడే ఉంటుంది.

అందుకే డబ్బులిచ్చే ముందు "ఆ ఫైలు తీసెయ్ బాబూ, రీసైకిల్ బిన్‌లోంచి కూడా" అని చెప్పి, తీసేదాకా నిలబడండి. మొహమాటం వద్దు. ఆధార్ అయితే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. 12 అంకెల్లో మొదటి 8 కనబడవు, చివరి 4 మాత్రమే ఉంటాయి.

అయితే ఫైలుతో పాటు మీరు మరొకటి కూడా ఇచ్చి వచ్చారు. మీ నంబరు. నన్నడిగితే ఫైలు కంటే దానితోనే చిక్కు ఎక్కువ.

[తెరపై: 1995]

మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న జరిగింది. అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చింది ఆగస్టు 15న. పదిహేను రోజుల తేడాతో వచ్చిన ఈ రెండూ చాలా ఏళ్లు ఒకదాని ముఖం ఒకటి చూసుకోలేదు. ఈమెయిల్ తెరవాలంటే తోచిన పేరు రాసుకునేవాళ్లం. నంబరు అడిగేవారు లేరు, అడిగినా చాలామంది దగ్గర మొబైలే లేదు. ఆ రోజులే బాగుండేవని నేను అనను. ఒక్క ఫొటో పూర్తిగా కనబడేలోగా కాఫీ తాగి రావచ్చు! కానీ ఇప్పుడు ఓటీపీ లేనిదే ఏ తలుపూ తెరుచుకోదు.

[తెరపై: మూడు బిల్లులు, మూడింటిపైనా ఒకే చోట ఎర్ర గీత]

బట్టల దుకాణం దగ్గర మీ నంబరు, మీరు కొన్న చీర ఉంటాయి. మందుల షాపులో అదే నంబరు, మీరు వాడే మాత్ర. రక్తపరీక్షల కేంద్రంలో అదే నంబరు, మీ షుగరు లెక్క. విడివిడిగా ఇవి చిల్లర సంగతులే. పక్కపక్కన పెడితే మీ ఇంటి గుట్టు. ఒకే పేరుతో ఊళ్లో పదిమంది ఉండవచ్చు, ఒకే నంబరుతో ఒక్కరే ఉంటారు.

కలపడం ఎలాగంటారా? వ్యాపార సంస్థలు తమ కొనుగోలుదారుల జాబితాను ప్రకటనల వేదికలకు ఎక్కించవచ్చు. నంబర్లను ఉన్నవి ఉన్నట్టు కాకుండా 'హ్యాష్' చేసి, అంటే ఒక గణిత సూత్రంతో పొడవాటి అక్షరాల వరుసగా మార్చి పంపుతారు. వేదిక తన దగ్గరున్న నంబర్లనూ అలాగే మార్చి, రెండు వరుసలూ సరిపోతే మనిషిని గుర్తుపడుతుంది. "హ్యాష్ చేశాం, భయం లేదు" అనే మాట నేను నమ్మను. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి. అంటే ఉండగలిగినవన్నీ కలిపి 400 కోట్లు. కంప్యూటర్‌కు అదేమంత పని కాదు. అన్నింటినీ ముందే హ్యాష్ చేసి పట్టిక రాసిపెట్టుకుంటే, ఏ వరుస ఏ నంబరుదో చూసి చెప్పేయవచ్చు.

[తెరపై: బిల్లింగ్ కౌంటర్]

మరి కౌంటర్ దగ్గర "ఇవ్వను" అనవచ్చా? నిక్షేపంగా అనవచ్చు. బిల్లు వేయడానికి నంబరు కావాల్సిందేనని పట్టుబట్టవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తేల్చారు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, సంస్థల ముఖ్య బాధ్యతలకు మాత్రం 18 నెలల గడువిచ్చారు. మన దగ్గర ఏదైనా అంతే, నిదానంగా వస్తుంది.

ఇవన్నీ కౌంటర్ దగ్గర అమ్మాయికి వినిపించకండి. పాపం, నంబరు గడి నిండితే తప్ప ఆమె తెర ముందుకు కదలదు. "నంబరు వద్దమ్మా, కాగితం బిల్లు చాలు" అంటే సరిపోతుంది. చాలాచోట్ల ఆమే పది తొమ్మిదులు కొట్టి పని కానిచ్చేస్తుంది.

వీలుంటే రెండు నంబర్లు పెట్టుకోండి. బ్యాంకుకూ ఆధార్‌కూ ఒకటి. దుకాణాలకూ, పార్సిళ్లకూ, అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ తెరిచి పెట్టే రిజిస్టరుకూ రెండోది. ఆ రిజిస్టరులో మీకంటే ముందు వచ్చినవారి నంబర్లన్నీ మీరు చదవవచ్చని గమనించారా?

ఒక జాగ్రత్త. వాడకం ఆగి రద్దయిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పటికీ మీ బ్యాంకులో అదే ఉంటే ఓటీపీలు వారికి వెళతాయి. కాబట్టి ముందు బ్యాంకు, ఆధార్, గ్యాస్, ఈమెయిల్ అన్నిచోట్లా కొత్తది చేర్పించి, ఆ తర్వాతే పాత సిమ్ వదలండి. మీ పేరుమీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో కనిపిస్తుంది. మీది కానిది కనబడితే ఫిర్యాదు కూడా అక్కడే చేయవచ్చు.