ఇంజెక్షన్ లివర్‌కి, మచ్చలు కంట్లో

అందరికీ నమస్కారం. లివర్ జబ్బు మీద పెట్టిన సభకు కంటి డాక్టర్ని ఎందుకు పిలిచారా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. కొన్నేళ్ల కిందట మన కందుకూరు పక్క ఊరి పెద్దాయన ఒకరు నా దగ్గరికి వచ్చారు. ఆయన వల్ల నేర్చుకున్నది చెబుతాను.

ఆయనది పొగాకు గ్రేడింగ్ పని. "ఆకు రంగు తేల్చలేకపోతన్నానమ్మా, ఎడమ కంట్లో మసక మచ్చ అడ్డం వస్తంది" అన్నారు. వేలంలో ధర పలికేది ఆ రంగును బట్టే కదా! షుగర్ ఉందన్నారు. అద్దాల నంబర్ మార్చి పంపేశాను. ఏం మందులు వాడుతున్నారని అడగలేదు. తప్పు నాదే.

రెండు వారాలకు మళ్లీ వచ్చారు. ఈసారి ఆయన భార్య చేతిలో ఐస్ ప్యాక్ పెట్టిన సంచి ఉంది. "హెపటైటిస్ సికి వారం వారం వేసే సూదమ్మా, చల్లగా ఉంచాలంట" అందామె. వెంటనే చుక్కల మందు వేసి లోపల చూశాను. కంటి వెనక చూపు పట్టే పొర, అంటే రెటీనా మీద దూదిపింజల్లాంటి తెల్ల మచ్చలు, పక్కనే సన్నటి రక్తపు చారలు. ఆ సంచి చూడకపోతే అంతా షుగర్ పనే అనుకునేదాన్ని.

ఆ సూది ఇంటర్‌ఫెరాన్. లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ వైరస్ మీదికి ఒంటి రక్షణ శక్తిని ఉసిగొల్పే మందు. దానివల్ల కొందరికి రెటీనాలోని సన్నటి రక్తనాళాలు పూడుకుపోతాయి. రక్తం అందని చోట తెల్ల మచ్చ పడుతుంది. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే బయటపడుతుంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. చాలామందికి నొప్పి ఉండదు, చూపులో తేడా కూడా తెలియదు. నాకు భయం అక్కడే. మచ్చలు చాలావరకు వాటంతట అవే పోతాయి. అరుదుగా కంటి నరం దెబ్బతింటే మాత్రం పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

పెద్దాయన లివర్ డాక్టరుతో మాట్లాడి సూది ఆపించాం. నాలుగు నెలలకు మచ్చలు పోయాయి.

ఇప్పుడు రోజులు మారాయి. 2013లో సోఫోస్‌బువిర్ అనే మాత్ర వచ్చింది. దాంతో హెపటైటిస్ సి ఉన్న చాలామందికి 12 వారాల మాత్రల కోర్సు సరిపోతోంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద మందులు ఉచితం. హెపటైటిస్ బికి ఎక్కువగా టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలే ఇస్తున్నారు. ఈ మాత్రల వల్ల రెటీనాకు ఇలా అవుతుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు.

కానీ హెపటైటిస్ బి, డి ఉన్న కొందరికి ఇంటర్‌ఫెరాన్ ఇంకా రాస్తున్నారు. అలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే మొదటి సూదికి ముందే రెటీనా చూపించండి. షుగర్, బీపీ ఉంటే మధ్యలోనూ చూపించాలి. చూపు మసకబారితే ఆ రోజే రండి, సూదిని మాత్రం మీ అంతట మీరు మానేయకండి. మందుల చీటీ మర్చిపోవద్దు. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, బండి నడపలేరు. ఎవరినైనా తోడు తెచ్చుకోండి.