ఐదు రోజుల ఉత్కంఠ: 'ది ఆండ్రోమెడా స్ట్రెయిన్' రివ్యూ, వెంట మరో మూడు నవలలు

నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్న ఈ పుస్తకం మైకేల్ క్రైటన్ రాసిన 'ది ఆండ్రోమెడా స్ట్రెయిన్'. 1969లో వచ్చిన ఇంగ్లీషు నవల. చివర్లో మరో మూడు నవలల గురించి కూడా చెబుతాను. కానీ ఈ వీడియోలో ఎక్కువ భాగం దీనికే. సైన్స్ ఫిక్షన్ థ్రిల్లర్ ఎలా ఉండాలో ఒక్క పుస్తకంతో చూపించమని ఎవరైనా అడిగితే, నేను తీసి ఇచ్చేది ఇదే.

అసలు మలుపులు చెప్పను. మొదటి భాగంలో జరిగేది మాత్రం చెబుతాను. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పీడ్‌మాంట్ అనే ఊరు. జనాభా 48 మంది. అంతరిక్షంలోకి వెళ్లి తిరిగివచ్చిన ఒక ఉపగ్రహం ఆ ఊళ్లో పడుతుంది. దాన్ని తీసుకుపోవడానికి రాత్రివేళ ఇద్దరు సైనికులు వ్యానులో వస్తారు. చూస్తే వీధిలో ఎక్కడివాళ్లు అక్కడే పడిపోయి ఉన్నారు. ఆ సంగతి రేడియోలో చెబుతుండగానే వాళ్లిద్దరి నుంచి కూడా మాట ఆగిపోతుంది.

తర్వాత ఇద్దరు శాస్త్రవేత్తలు రక్షణ దుస్తులు వేసుకుని ఆ ఊళ్లోకి వెళతారు. ఇంటింటికీ తిరుగుతారు. ఒక శవం మణికట్టు కోసి చూస్తారు. చుక్క రక్తం కారదు. నరాల్లోనే మొత్తం గడ్డకట్టిపోయింది. ఈ ఘట్టాన్ని క్రైటన్ ఒక్క భయంకరమైన విశేషణం కూడా వాడకుండా, వైద్యుడు రిపోర్టు రాసినంత నిదానంగా రాస్తాడు. ఆ నిదానమే మనల్ని వణికిస్తుంది. అప్పుడు ఆ నిశ్శబ్దంలో ఒక ఏడుపు వినిపిస్తుంది. ఊరంతా పోయినా ఒక పసిబిడ్డ బతికే ఉంది. కాసేపటికి ఒక ముసలాయన కూడా కనిపిస్తాడు. ఆయనా బతికే ఉన్నాడు.

ఇక నవలంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. కడుపులో పుండుతో బాధపడే ఆ ముసలాయనకూ, పాలు తాగే ఈ పసిబిడ్డకూ ఉన్న పోలిక ఏమిటి? ఆ ఒక్కటి తెలిస్తే ఉపగ్రహంతో వచ్చిన క్రిమికి మందు తెలుస్తుంది. తెలియకపోతే పీడ్‌మాంట్‌కు పట్టిన గతే దేశానికంతా పడుతుంది.

నేను ఈ తరహా నవలలను ఎందుకింత ఇష్టపడతానో చెప్పడానికి ఇది సరైన చోటు. మామూలు డిటెక్టివ్ నవలలో హంతకుడు ఎవరన్నది రచయిత దాచిపెడతాడు. అది చివరి పేజీలో తెలిసిపోయాక ఆ పుస్తకాన్ని మళ్లీ తీయాలనిపించడం అరుదు. మంచి సైన్స్ థ్రిల్లర్‌లో రచయిత చాలా కొద్దిగా దాస్తాడు. పరీక్షల ఫలితాలు, అంకెలు, పటాలు, అన్నీ శాస్త్రవేత్తలతో పాటు మన ముందు కూడా పెడతాడు. వాళ్లకు తెలిసింది మనకూ తెలుసు. వాళ్లు తేల్చలేనిది మనమూ తేల్చలేం. ఉత్కంఠ అంతా ఆలోచన ముందు గమ్యం చేరుతుందా, గడువు ముందు ముగుస్తుందా అన్నదాని మీదే ఉంటుంది. అందుకే ముగింపు తెలిసిన తర్వాత కూడా ఈ నవల నన్ను కూర్చోబెట్టి చదివిస్తుంది.

పరిశోధన జరిగే చోటు నెవాడాలో, భూమి కింద ఐదు అంతస్తులుగా కట్టిన రహస్య ప్రయోగశాల. దాని పేరు వైల్డ్‌ఫైర్. ఒక్కో అంతస్తు దిగే కొద్దీ ఒంటి మీది సూక్ష్మక్రిములను మరింత కఠినంగా తొలగిస్తారు. లోపలి క్రిమి బయటపడే ప్రమాదం వస్తే మొత్తాన్నీ బూడిద చేయడానికి అణుబాంబు సిద్ధంగా ఉంటుంది. దాన్ని ఆపే తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఎక్కడ దెబ్బతింటుందో చూడండి. బయటి నుంచి వచ్చే కబుర్లను కాగితం మీద అచ్చువేసే యంత్రం టెలిప్రింటర్. కబురు వచ్చినప్పుడు మోగాల్సిన దాని గంటకూ, దాన్ని కొట్టే సుత్తికీ మధ్య సన్నని కాగితపు పీలిక ఒకటి ఇరుక్కుంటుంది. గంట మోగదు. అతి ముఖ్యమైన కబురు గంటల తరబడి ఎవరూ చూడకుండా అక్కడే పడి ఉంటుంది. మనకు ఆ సంగతి తెలుసు, లోపలి శాస్త్రవేత్తలకు తెలియదు. ఆ కాగితపు పీలికను రాసిన తీరు కోసమైనా ఈ పుస్తకం చదవాలి.

మన నెల్లూరు వాళ్లకు ఇందులో ఇంకో ఆకర్షణ ఉంది. 2022లో జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. అయినా ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఇప్పటికీ మేడ ఎక్కితే రాకెట్ వెళ్లడం కనిపిస్తుంది. పైకి వెళ్లేవి మనం చూస్తూనే ఉంటాం. తిరిగి కిందికి వచ్చినది కూడా ఒకటుంది. 2007 జనవరి 10న పీఎస్‌ఎల్‌వీ-సీ7 రాకెట్ మీద వెళ్లిన ఎస్‌ఆర్‌ఈ-1 అనే 550 కిలోల క్యాప్సూల్, కక్ష్యలో 12 రోజులు ఉండి, జనవరి 22న బంగాళాఖాతంలో దిగింది. శ్రీహరికోటకు తూర్పున సుమారు 140 కిలోమీటర్ల దూరంలో. పీడ్‌మాంట్ కథ చదువుతున్నప్పుడు నాకు ఆ క్యాప్సూలే గుర్తుకొచ్చింది. అంతరిక్షం నుంచి తిరిగివచ్చే పెట్టెను తెరవడం మన తీరంలో కథ కాదు, నిజంగా జరిగిన పని.

నవల వచ్చిన కాలం కూడా అలాంటిదే. ఇది 1969 మేలో విడుదలైంది. అదే ఏడాది జులైలో అపోలో 11 చంద్రుడి మీద దిగింది. తిరిగివచ్చిన ముగ్గురు వ్యోమగాములను, చంద్రుడి నుంచి తెలియని క్రిమి ఏదైనా వెంట వచ్చిందేమోనని, దాదాపు మూడు వారాలు బయటివాళ్లకు దూరంగా ఉంచారు. అంటే క్రైటన్ భయాన్ని నాసా కూడా తేలిగ్గా తీసుకోలేదు. రచయిత అప్పటికి హార్వర్డ్‌లో వైద్య విద్యార్థి. అంతకుముందు మారుపేర్లతో థ్రిల్లర్లు రాశాడు. సొంత పేరుతో వచ్చిన మొదటి నవల ఇదే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ముగింపు నాకు పూర్తిగా తృప్తినివ్వలేదు. అంత కష్టపడి కట్టిన చిక్కుముడిని విప్పడంలో మనుషుల తెలివికంటే యాదృచ్ఛికానికి ఎక్కువ వాటా దక్కింది. పాత్రల ఇల్లూ వాకిలీ, మనసూ మనకు పెద్దగా తెలియవు. ప్రధాన శాస్త్రవేత్తలలో స్త్రీ ఒక్కరూ లేరు. 1971లో తీసిన సినిమాలో ఒక పాత్రను స్త్రీగా మార్చారు. ఆ మార్పు కథకు మేలే చేసిందని నా అభిప్రాయం.

ఇక మిగిలిన మూడు. ఆండీ వీర్ రాసిన 'ది మార్షియన్' నవ్విస్తూనే భయపెడుతుంది. అంగారకుడి మీద ఒంటరిగా మిగిలిపోయిన ఒక వృక్షశాస్త్రవేత్త బంగాళదుంపలు పండించుకుంటూ, నీళ్లు తయారుచేసుకుంటూ బతకడానికి చేసే ప్రయత్నం. వీర్ దీన్ని మొదట తన వెబ్‌సైట్‌లో అధ్యాయాల వారీగా పెట్టాడు. తర్వాత 2014లో పెద్ద ప్రచురణకర్తల ద్వారా వచ్చింది. అంగారకుడి గాలి భూమి గాలితో పోలిస్తే ఒక శాతం ఒత్తిడి కూడా లేనంత పలుచన. కాబట్టి అతను ఒంటరిగా మిగలడానికి కారణమైన తుఫాను అక్కడ నిజంగా అంత విధ్వంసం చేయడం సాధ్యం కాదు. రచయితే ఆ మాట ఒప్పుకున్నాడు. ఆ ఒక్కటీ వదిలేస్తే లెక్కలు గట్టివి. ఇంగ్లీషు నవలలు కొత్తగా మొదలుపెట్టేవారికి మొదట దీన్నే ఇస్తాను. డైరీలా ఉంటుంది, వాక్యాలు చిన్నవి.

ఆర్థర్ సి. క్లార్క్ నవల 'రాండెవూ విత్ రామా', 1973 నాటిది. 50 కిలోమీటర్ల పొడవున్న, గొట్టం ఆకారంలోని ఒక వింత నౌక సౌరకుటుంబంలోకి వస్తుంది. మనుషులు లోపలికి వెళతారు. అంతా చీకటి, ఎక్కడా అలికిడి లేదు. హత్యలు, వెంటపడటాలు ఆశించి తెరిచినవారికి నిరాశ తప్పదు. నాకు మాత్రం ఆ చీకట్లో మెట్లు దిగే పేజీలు చదువుతుంటే ఊపిరి ఆడలేదు.

ఐజాక్ అసిమోవ్ రాసిన 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' 1954లో పుస్తకంగా వచ్చింది. హత్యను పరిశోధించే పోలీసు పక్కన మనిషిని పోలిన రోబో ఉంటుంది. రోబో మనిషికి హాని చేయకూడదన్న నియమం ముందే తెలుసు కాబట్టి, హత్య ఎలా జరిగిందన్నది పాఠకుడు కూడా ఆలోచించి పట్టుకోవచ్చు. నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయవాడ వెళ్లేవారు ఇది వెంట ఉంచుకోండి. ఒంగోలు దాటాక ఎవరు పలకరించినా మీకు వినిపించదు.

ఈ నవలలు చదవడానికి సైన్స్ చదువు కావాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. వారపత్రికలో సీరియల్ చదివి, 'సశేషం' దగ్గర ఆగి, వచ్చే వారం దాకా ఎదురుచూసిన తరం మనది. ఆ ఓపిక ఉంటే చాలు. అర్థంకాని పట్టిక వస్తే దాటి ముందుకు వెళ్లండి, కథ మిమ్మల్ని వదిలిపెట్టదు. పుస్తకం కొనలేకపోతే ముందు మీ గ్రంథాలయంలో అడగండి. లేకపోతే అక్కడి రిజిస్టర్‌లో కావాలని రాయండి. పాఠకులు అడగని పుస్తకం అల్మారాలోకి రావడం కష్టం.

వచ్చే వీడియోలో తెలుగులో వచ్చిన సైన్స్ నవలల గురించి మాట్లాడాలనుకుంటున్నాను. కావలి, కందుకూరు, మార్కాపురం, గిద్దలూరు, మీరు ఎక్కడివారైనా సరే, మీ ఇంట్లో పాత ప్రతి ఏదైనా ఉంటే దాని పేరు, అచ్చయిన సంవత్సరం కింద రాయండి. అట్ట చిరిగిపోయినా పరవాలేదు, లోపలి పేజీలు ఉంటే చాలు.