ద్రాక్షతోట యజమాని కూలి ఇచ్చిన తీరు

ప్రభువునందు ప్రియ సహోదరీ సహోదరులకు, సంఘ కాపరిగారికి, పెద్దలకు వందనాలు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట పనివారి ఉపమానం మీరంతా ఎరిగినదే. తెల్లవారుజామున పనిలోకి వచ్చినవాళ్లకూ, సాయంత్రం వచ్చి ఒక్క గంటే పనిచేసినవాళ్లకూ యజమాని ఒకేలా పూర్తి రోజు కూలి ఇచ్చిన కథ అది. కథ మొదలుపెట్టగానే సండే స్కూలు పిల్లలు చివర చెప్పేస్తారు. దీని మీద నేను విన్న ప్రసంగాలు దాదాపు అన్నీ పరలోకంలోనే ముగిశాయి. ఆలస్యంగా మారుమనస్సు పొందినవాడికీ రక్షణ ఉంది, సిలువ మీది దొంగకూ పరదైసు దొరికింది, దేవుని కృపకు కొలత లేదు. ఇందులో ఒక్క మాట కూడా నేను కాదనను. ప్రభువు పరలోకరాజ్యం పేరెత్తే ఈ కథ మొదలుపెట్టాడు. కానీ కృపను గురించి చెప్పడానికి ఆయనకు దేవాలయం ఉంది, బలిపీఠం ఉంది. అవన్నీ వదిలి, కూలీలు నిలబడే సంత వీధికి మనల్ని తీసుకెళ్లాడు. కృప ఎలా ఉంటుందో కూలి డబ్బుల్లో చూపించాడు. అలాంటప్పుడు ఆ కృప మాకు దొరికిందని సాక్ష్యం చెప్పే మనం ఇచ్చే కూలిలో కూడా అది కనబడాలి కదా? ఈరోజు నేను చెప్పదలచింది ఇదే.

సంత వీధి అంటే ఎక్కడో యూదయ దేశపు సంగతి అనుకోనక్కర్లేదు. ఉదయం ఆరున్నరకు ఏ పట్టణంలోనైనా కూలీల అడ్డా దగ్గరికి వెళ్లి నిలబడండి. సంచిలో తాపీ, రసమట్టం పెట్టుకున్న మేస్త్రీలు, రంగు మరకల చొక్కాలతో పెయింటర్లు, అన్నం క్యారేజీలతో ఆడకూలీలు. ఒక బైకు వచ్చి ఆగితే పదిమంది చుట్టూ మూగుతారు. "ఇద్దరే కావాలి" అంటాడు బైకు మీది మనిషి. అంటూనే వాళ్ల వయసు, భుజాలు కళ్లతోనే కొలిచేస్తాడు. ఎనిమిది గంటలకల్లా వయసులో ఉన్నవాళ్లు, పనితనం ఉందని పేరున్నవాళ్లు వెళ్లిపోతారు. పదింటికి అక్కడ మిగిలేది ఎవరు? జుట్టు నెరిసినవాళ్లు, కాలు ఈడ్చి నడిచేవాళ్లు, చంకలో బిడ్డ ఉన్న తల్లులు. ఇక బేరం రాదని తెలిసినా వెంటనే ఇంటికి వెళ్లరు. ఉత్త చేతులతో వెళ్లి ఇంట్లో ఏమని చెప్పాలి?

ఉపమానంలో సాయంత్రం అయిదు గంటలకు మిగిలినవాళ్లు వీళ్లే. మీరెందుకు ఊరికే నిలబడ్డారని యజమాని అడిగితే, ఎవరూ మమ్మల్ని పనికి పెట్టుకోలేదన్నారు. ఆ జవాబును ఆయన నమ్మాడు. పొద్దున్నే లేచి రావాల్సిందని గానీ, సోమరితనం మంచిది కాదని గానీ ఒక్క మాట అనలేదు. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు కొంచెం సిగ్గేస్తుంది. బీదవాడు కనబడగానే బుద్ధులు చెప్పడం మనకు అంత అలవాటైపోయింది!

ఇంకొక సంగతి గమనించండి. ఆ యజమానికి గృహనిర్వాహకుడు ఉన్నాడు. కానీ సాయంత్రం కూలి పంచేదాకా అతను కథలోకే రాడు. అప్పటిదాకా తెల్లవారుజాము నుంచి అయిదుసార్లు సంత వీధికి వెళ్లింది యజమానే. మనిషిని పంపిస్తే సరిపోయే పనికి స్వయంగా వెళ్లాడు. వెళ్లాడు కాబట్టే చివరిదాకా మిగిలినవాళ్లు ఆయన కంటపడ్డారు. మేస్త్రీకి టోకున పని అప్పగించి, ఎంతమంది వచ్చారో, ఎవరికి ఎంత ముట్టిందో అడగని మనకు వాళ్లు ఎలా కనబడతారు?

ఇక కూలి సంగతి. దేనారం ఆ కాలంలో ఒక మనిషి రోజు కూలి. పన్నెండు గంటల పగటిలో ఒక్క గంట పనిచేసినవాడికి లెక్క ప్రకారం రావలసింది అందులో పన్నెండో వంతు. కానీ ఇంట్లో పిల్లల ఆకలి పన్నెండో వంతుకు తగ్గదు. యజమాని పనిగంటలు చూడకుండా ఆ ఇంటి పొయ్యిని చూశాడు. అదీ చీకటి పడకముందే. ఈ సాయంకాలపు చెల్లింపు ప్రభువు కొత్తగా కల్పించింది కాదు. కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతుంది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమైతే సూర్యుడు అస్తమించకముందే ఇచ్చెయ్యమంటుంది. మన దేశంలో 2019లో చేసిన వేతనాల కోడ్ కూడా రోజు కూలీకి షిఫ్టు ముగిసేసరికి చెల్లించాలనే చెబుతోంది. మోషే ఎప్పుడో చెప్పిన మాటకు మన చట్టం ఇప్పుడు వచ్చి చేరింది. బైబిలు చేతిలో పట్టుకు తిరిగే మనం ఇంకా చేరాల్సే ఉంది.

ఇక్కడ ఒక వ్యాపారి లేచి, "అయ్యా, అందరికీ ఒకే కూలి ఇస్తే రేపు తెల్లవారుజామున పనికి ఎవడొస్తాడు?" అని అడగవచ్చు. మంచి ప్రశ్న. ఉపమానంలో పొద్దుటి నుంచి ఎండలో పనిచేసినవాళ్లు సణిగింది కూడా అందుకే. వాళ్లను నేను తప్పుపట్టను, మీరైనా నేనైనా సణుగుతాం. కానీ యజమాని వాళ్లకు ఇచ్చిన జవాబు చూడండి. ఒప్పుకున్నది దేనారం, ఇచ్చింది దేనారం. వాళ్ల కూలిలోంచి ఒక్క కాసు కూడా తగ్గలేదు. చివరివాళ్లకు ఎక్కువ ఇచ్చింది సొంత సొమ్ములోంచి. ముందు న్యాయం పూర్తిచేసి, ఆ తరువాత దయ చూపాడు.

మన దగ్గర ఈ వరస తలకిందులైంది. పనిమనిషి కూతురి జ్వరానికి నాలుగు రోజులు మానేస్తే జీతంలో కోత వేస్తాం, క్రిస్మస్‌కు చీర పెడతాం. మేస్త్రీ బాకీ మూడు నెలలు తిప్పించుకుంటాం, ఆలయ ప్రతిష్ఠకు పేరు చదివించుకునేలా కానుక ఇస్తాం. చీర మంచిదే, కానుకా మంచిదే. కానీ ఆ చీర ఎవరి డబ్బుతో కొన్నాం? కోసుకున్న నాలుగు రోజుల జీతాన్నే కొత్త మడతతో తిరిగి ఇస్తున్నాం. అది తీసుకుని ఆమె మనకు దండం పెట్టాలి! దశమభాగం కవరులో రూపాయి తేడా రాకుండా చూసుకునే ఇంట్లోనే పనిమనిషి జీతం పదో తారీఖు దాటుతుంది. పుదీనలో, సోపులో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి ఇస్తూ, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్లతో ప్రభువు ఎంత కఠినంగా మాట్లాడాడో మత్తయి 23వ అధ్యాయంలో ఉంది. ఆయన దశమభాగం మానమనలేదు. అది చేస్తూ ఇదీ చెయ్యమన్నాడు.

ఇవన్నీ చెప్పుకోవడానికి బాగుంటాయి, జరిగేవి కావు అనుకునేవాళ్లకు మన గడ్డ మీద జరిగిన ఒక సంగతి చెబుతాను. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. అప్పుడు అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు, మన పెద్దలు క్లౌ దొర అనేవారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, అందులో మూడున్నర మైళ్ల పని ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిషనరీ కాంట్రాక్టరు కావడమేమిటని మనకు అనిపించవచ్చు. ఇతరుల చేతి కింద పనికి వెళ్తే అంటరానివాళ్లని ముద్రపడిన మాదిగలకు తిట్లు దక్కేవి, కూలి దక్కడం కష్టమయ్యేది. అందుకే తన బోధకులనే పని మీద పర్యవేక్షకులుగా పెట్టాడు. వాక్యం చెప్పే నోళ్లే కూలీల లెక్క చూశాయి.

ఇంకో మాట. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం, కూలి కోసం విశ్వాసంలోకి రాకూడదని ఆపాడు. కూలికీ మతానికీ ముడి పెట్టలేదు. గడ్డుకాలం తగ్గాక 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మం పొందారు. ఆ అంకె మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఆ మూడున్నర మైళ్ల సంగతి ఎంతమందికి గుర్తుంది? నన్నడిగితే ఆ ఏటికి దారి పడింది ఆ కాలువ గట్టు మీదే.

కాలువలు తవ్వించమని మిమ్మల్ని అడగడం లేదు. వచ్చే సోమవారం మన ఆలయ ప్రహరీగోడ పని మొదలవుతుంది. మేస్త్రీతో మొత్తానికి ఇంత అని మాట్లాడుకున్నామని కమిటీవారు చెప్పారు. నా మనవి వినండి. మేస్త్రీ కింద పనిచేసే కూలీలకు ఏ రోజు కూలి ఆ రోజు అందుతోందో లేదో మనవాళ్లు ఒకరు సాయంత్రం అయిదున్నరకు వచ్చి దగ్గరుండి చూడాలి. ఆడకూలీలకు మగవాళ్లతో సమానంగా ఇచ్చేలా మేస్త్రీతో ముందే ఒప్పుకోవాలి, దానివల్ల పెరిగే ఖర్చు సంఘం భరించాలి. మట్టి జల్లించడానికి, ఇటుకలు తడపడానికి అంత బలం అక్కర్లేదు, ఆ పనికి పదింటి తరువాత అడ్డాలో మిగిలిపోయినవాళ్లలో ఇద్దరిని పిలవాలి. వాళ్లకూ పూర్తి రోజు కూలి ఇవ్వాలి. మన ఆలయం ఊడ్చి, గంట కొట్టే పెద్దాయన జీతం సంగతి కూడా ఈ సందర్భంలోనే తేల్చాలి. ఆయన నోరు తెరిచి అడగడు.

కోశాధికారిగారు రెండో వరసలోనే కూర్చున్నారు, ఇందాకటి నుంచి ఏదో రాసుకుంటున్నారు. ప్రార్థన అయ్యాక కమిటీ సభ్యులు వెళ్లిపోకుండా ఒక పదిహేను నిమిషాలు ఉండండి. ఎంత ఖర్చవుతుందో లెక్క వేద్దాం.